చరిత్ర పట్టాకు కావలసినవి ఏమిటి? మేజర్ కంటే మైనర్ దగ్గరే అసలు చిక్కు

సిద్ధగోరా (జంషెడ్‌పూర్): ఇంటర్మీడియట్ పూర్తి చేసి చరిత్రలో పట్టా తీసుకోవాలనుకునే విద్యార్థిని దరఖాస్తు నింపేటప్పుడు ప్రధాన సబ్జెక్టు గడిలో ‘చరిత్ర’ అని రాయడానికి క్షణం కూడా పట్టదు. ఆ పక్కనే ఉండే ‘మైనర్’ గడి దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. స్నేహితురాలు ఏది తీసుకుంటే అదో, తరగతి వేళలు ఏది అనుకూలంగా ఉంటే అదో రాసి ముగిస్తారు. మూడు, నాలుగేళ్ల తరువాత ఉపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు చేసే రోజున ఆ చిన్న గడి ఎంత పెద్దదో తెలుస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 అమలులోకి వచ్చిన తరువాత డిగ్రీ చదువు స్వరూపం మారింది. చరిత్ర పట్టాకు ఎన్ని క్రెడిట్లు కావాలి, ఏ పేపర్లు చదవాలి, ఏ ఎంపిక ఏ దారికి తీసుకువెళ్తుంది అన్న వివరాలు విద్యార్థులకే కాదు, ఫీజు కట్టే తల్లిదండ్రులకూ తెలిసి ఉండటం అవసరం.

జార్ఖండ్‌లో తొలి మహిళా విశ్వవిద్యాలయమైన జంషెడ్‌పూర్ మహిళా విశ్వవిద్యాలయానికి సిద్ధగోరాలో ప్రాంగణం ఉంది. 1953లో మొదలైన జంషెడ్‌పూర్ మహిళా కళాశాల ఉన్నతీకరణ పొంది విశ్వవిద్యాలయమైంది. బిష్టుపూర్‌లోని పాత ప్రాంగణం నగరవాసులకు చిరపరిచితం. సువర్ణరేఖ నదికి దగ్గరగా ఉన్న సిద్ధగోరాది కొత్త ప్రాంగణం. నగరంలోని కో-ఆపరేటివ్ కళాశాల, సాక్చీలోని కరీం సిటీ కళాశాల, గ్రాడ్యుయేట్ స్కూల్ మహిళా కళాశాల, మాంగోలోని వర్కర్స్ కళాశాల, కరణ్‌డీహ్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి స్మారక కళాశాల చాయిబాసా కేంద్రంగా 2009లో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. పాలన వేరైనా చదువు చట్రం ఒక్కటే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రమే దీనికి ఆధారం. జార్ఖండ్‌లో నాలుగేళ్ల డిగ్రీ 2022లో చేరిన విద్యార్థులతోనే ఆరంభమైంది. పేపర్ల పేర్లు, వాటి వరుస, ఏ సెమిస్టర్‌లో ఏది అన్న విషయాలను ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. కాబట్టి కింది లెక్కను మూల చట్రంగా తీసుకుని, తుది వివరాలను చేరబోయే సంస్థ ప్రకటించిన నిబంధనలతో సరిచూసుకోవలసి ఉంటుంది.

క్రెడిట్ల లెక్క

క్రెడిట్ అంటే మార్కు కాదు. చదువుకు వెచ్చించిన కాలానికి అది కొలత. ఒక సెమిస్టర్‌లో పదిహేను గంటల తరగతి బోధన ఒక క్రెడిట్‌తో సమానం. క్షేత్ర పర్యటన, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ వంటి పనులకైతే ముప్ఫై గంటలకు ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పేపరు అంటే అరవై గంటల బోధన జరగాలన్నమాట. సెమిస్టర్‌కు సుమారు 20 చొప్పున ఏడాదికి 40 క్రెడిట్లు సంపాదించాలి.

మూడేళ్ల పట్టాకు కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. మూడేళ్ల లెక్కలో సగం, అంటే 60 క్రెడిట్లు, మేజర్ అయిన చరిత్రకు చెందుతాయి. నాలుగేసి క్రెడిట్ల పేపర్లుగా చూస్తే ఇవి పదిహేను. మైనర్ సబ్జెక్టుకు 24 క్రెడిట్లు. ఇతర విభాగాల పరిచయానికి ఉద్దేశించిన బహుళ విషయక కోర్సులకు 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్య కోర్సులకు 9, పర్యావరణ విద్య వంటి విలువ ఆధారిత కోర్సులకు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు. నాలుగో ఏడు చదివితే మేజర్ 80కి, మైనర్ 32కు పెరుగుతాయి. వాటికి తోడు 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం ఉంటుంది. పరిశోధన వద్దనుకున్న వారు దాని బదులు అంతే బరువున్న మూడు పేపర్లు చదివి ఆనర్స్ పొందవచ్చు.

బహుళ విషయక కోర్సుల విషయంలో ఒక నియమం తరచు మరుగున పడుతోంది. పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టునే ఈ తొమ్మిది క్రెడిట్ల కింద మళ్లీ తీసుకోరాదు. ఆర్ట్స్ చదివి వచ్చిన విద్యార్థిని విజ్ఞాన శాస్త్రమో, గణాంకాలో, వాణిజ్యమో రుచి చూడాలన్నది ఇందులోని ఉద్దేశం. చరిత్ర చదివేవారికి గణాంకాల పరిచయం నిజంగానే ఉపయోగపడుతుంది. జనాభా లెక్కలు, ధరల పట్టికలు, కూలి రేట్ల రికార్డులు చదవడం రాకుండా పారిశ్రామిక నగరాల చరిత్రలో ఎంతో దూరం పోలేరు. సులువుగా మార్కులు వస్తాయన్న లెక్కతోనే ఈ కోర్సును ఎంచుకునేవారు ఆ మేరకు నష్టపోతున్నట్లే.

మూల్యాంకనం పది పాయింట్ల మానంపై జరుగుతుంది. అత్యుత్తమ శ్రేణికి 10, ఉత్తీర్ణతకు 4. మొదటి ఏడాది చివర, అవకాశాన్ని బట్టి, మేజర్‌ను మార్చుకునే వీలును కూడా యూజీసీ చట్రం కల్పించింది. సీట్లు ఉన్నప్పుడే అది సాధ్యమన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పేపర్లలో ఏముంటుంది?

కొత్త విధానానికి ముందు, 2015 నుంచి అమలైన ఐచ్ఛిక క్రెడిట్ల పద్ధతిలో, ఆనర్స్ విద్యార్థి 140 క్రెడిట్లు పూర్తి చేసేవారు. అందులో చరిత్ర ప్రధాన పేపర్లు పద్నాలుగు. వాటిలో ఎనిమిది భారతదేశ చరిత్రవి: తొలి మానవ ఆవాసాల నుంచి 1950 వరకు. మిగిలినవి ప్రాచీన, మధ్యయుగ ప్రపంచ సమాజాలు, ఆధునిక పాశ్చాత్య ప్రపంచ ఆవిర్భావం, ఆధునిక ఐరోపా. ఇప్పటి పదిహేను పేపర్ల ఎముకల గూడు చాలా చోట్ల దాదాపు ఇదే. అయితే కోర్సులకు స్థాయి సంఖ్యలు వచ్చాయి. 100 శ్రేణి పునాది, 200 మధ్యస్థం, 300 ఉన్నతం, 400 శ్రేణి నాలుగో ఏట చదివే ప్రౌఢ స్థాయి.

యూజీసీ 2021లో బి.ఏ. చరిత్రకు నమూనా పాఠ్యప్రణాళికను ప్రకటించినప్పుడు మొదటి పేపరుగా ‘భారత్ భావన’ను చేర్చడం, మధ్యయుగానికి ఇచ్చిన స్థలం తగ్గడం వంటి అంశాలపై చరిత్రకారుల మధ్య వాదోపవాదాలు చెలరేగాయి. ఆ వాదం ఇంకా చల్లారలేదు. విద్యార్థికి అందులో ఒక పాఠం ఉంది: ఏ కాలానికి ఎన్ని గంటలు కేటాయించాలన్నది కూడా చరిత్రలో ఒక నిర్ణయమే. ఆ నిర్ణయం ఎవరు, ఏ కారణంతో తీసుకున్నారని అడగడం ఆ శాస్త్రంలో భాగమే.

పాఠశాలలో చరిత్ర అంటే తేదీలు, రాజవంశాలు. డిగ్రీలో అవి పునాది రాళ్లు మాత్రమే. రెండో ఏడు వచ్చేసరికి విద్యార్థి ముందు ఆధారాలు వచ్చి పడతాయి. ఒక శాసనం, ఒక ఉత్తరం, ఒక పోలీసు నివేదిక, ఒక ముసలమ్మ చెప్పిన జ్ఞాపకం: వీటిలో ఏది ఎంతవరకు నమ్మదగింది, ఎందుకు అన్నది తేల్చుకోవాలి. జంషెడ్‌పూర్‌లో చదివేవారికి ఇందుకు చేతికందే దూరంలోనే సామగ్రి దొరుకుతుంది. ఈ విషయంలో పెద్ద నగరాల విద్యార్థుల కంటే వీరే అదృష్టవంతులని చెప్పవచ్చు.

ఉక్కు నగరమే పాఠ్యపుస్తకం

భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904 ఫిబ్రవరిలో మయూర్‌భంజ్ ప్రాంతపు ఇనుప ఖనిజం గురించి జంషెట్‌జీ టాటాకు రాసిన ఉత్తరంతో ఈ నగర చరిత్రను మొదలుపెట్టడం ఆనవాయితీ. టాటా ఇనుము ఉక్కు సంస్థ 1907 ఆగస్టులో నమోదయింది. సాక్చీ గ్రామం వద్ద 1908లో నిర్మాణం మొదలై, 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికి వచ్చింది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలీమాటీ రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది.

ఇది కంపెనీ కాగితాలు చెప్పే కథ. మరో కథ కూడా ఉంది. సిద్ధగోరాకు చుట్టుపక్కల బారీడీహ్, భుయ్యాడీహ్ వంటి పేర్లు వినిపిస్తాయి. డీహ్ అంటే పాత ఊరు ఉన్న చోటు, నివాస స్థలం. ఫ్యాక్టరీ రాకముందే ఇక్కడ మనుషులు, పొలాలు, పొలిమేరలు ఉన్నాయని ఆ పేర్లే సాక్ష్యం చెబుతాయి. ఆ ఊళ్ల వారికి ఏమైంది, భూమి ఎలా చేతులు మారింది అన్న ప్రశ్నలకు కంపెనీ సావనీర్లలో జవాబు దొరకదు. భూమి రికార్డులు, 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, సంతాల్, హో, భూమిజ్ కుటుంబాల నోటి జ్ఞాపకాలు వెతకాలి. సంతాల్ తిరుగుబాటు జరిగింది 1855లో. బిర్సా ముండా రాంచీ జైలులో కన్నుమూసింది 1900 జూన్ 9న. ఉక్కు నగరం పుట్టింది ఆ తరువాత పదేళ్లలోపే. ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి చూడటం నేర్పేదే మంచి పాఠ్యప్రణాళిక.

కార్మిక చరిత్ర ఇంకా సన్నిహితమైనది. 1920లో, 1922లో, 1928లో ఇక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. 1928 సమ్మె కాలంలో వచ్చిన సుభాష్ చంద్రబోస్ జంషెడ్‌పూర్ కార్మిక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆయన తరువాత నాయకత్వం వహించిన అబ్దుల్ బారీ 1947 మార్చిలో హత్యకు గురయ్యారు. ఒకే సమ్మెను కంపెనీ నివేదిక ఒక రకంగా, ప్రభుత్వ గూఢచారి విభాగం మరో రకంగా, కార్మిక నాయకుడు ఇంకో రకంగా నమోదు చేస్తారు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి ‘ఆధార విమర్శ’ అనే మాటకు నిర్వచనం కంఠస్థం చేయవలసిన పని ఉండదు. నగరంలోని రూసీ మోదీ సెంటర్ ఫర్ ఎక్సలెన్స్‌లో టాటా స్టీల్ పురాలేఖల కేంద్రం ఉంది. ఇంటర్న్‌షిప్ క్రెడిట్లను సమీపంలోని దుకాణంలో సంతకం పెట్టించుకుని ముగించడం కంటే, ఇలాంటి చోట అనుమతి సంపాదించి కాగితాలతో కూర్చోవడం చరిత్ర విద్యార్థికి పదింతలు మేలు చేస్తుంది. అనుమతికి విభాగాధిపతి లేఖ వంటివి అవసరం కావచ్చు. కనుక వేసవికి ముందే ప్రయత్నం మొదలుపెట్టాలి.

పొరుగునే ఉన్న ఖర్సావాన్‌ను చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలలోపే, 1948 జనవరి 1న, సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలను ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకిస్తూ వారపు సంతకు చేరిన ఆదివాసులపై ఒడిశా పోలీసులు కాల్పులు జరిపారు. ఆ నాటి కలకత్తా ఆంగ్ల పత్రిక ఇచ్చిన మృతుల సంఖ్య 35. ప్రజల జ్ఞాపకంలో అది వందలు, కొందరి మాటల్లో వేలు. అదే ఏడాది మే నెలలో ఆ రెండు సంస్థానాలు బిహార్‌లో కలిశాయి. ఇప్పుడు అవి జార్ఖండ్‌లోని ఒక జిల్లా. మరి ఏ సంఖ్య రాయాలి? పెద్ద సంఖ్యను భావావేశంతో రాయడం తేలిక. చిన్న సంఖ్యను ‘అచ్చయింది కనుక’ రాయడం మరీ తేలిక. రెండూ ఎలా పుట్టాయో వివరించి, ఆధారం ఎంతవరకు తోడ్పడుతుందో అంతవరకే చెప్పడం కష్టం. నాలుగో ఏటి పన్నెండు క్రెడిట్లు ఇచ్చేది ఆ కష్టానికే.

తెలుగువారి ఇంట్లో ఉన్న ఆధారాలు

జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలకు పాత చరిత్ర ఉంది. ఉత్తరాంధ్ర నుంచి, గంజాం ప్రాంతం నుంచి బెంగాల్-నాగ్‌పూర్ రైలు మార్గం వెంబడి ఖరగ్‌పూర్‌కు, అక్కడి నుంచి టాటానగర్‌కు పని కోసం వచ్చినవారి వారసులు ఇప్పుడు మూడో, నాలుగో తరంలో ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ వారి సామూహిక జీవితానికి ఆనవాళ్లు. అదే రైలు మార్గపు కార్మికులను సంఘటితం చేసినవారిలో బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఒకరు. తరువాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఈ వలస చరిత్రకు ఆధారాలు ఎక్కువ భాగం ఇళ్లలోనే ఉన్నాయి. తాతగారి కంపెనీ గుర్తింపు కార్డు, జీతపు చీటీ, క్వార్టరు కేటాయింపు కాగితం, ఊరి నుంచి వచ్చిన పోస్టుకార్డులు, పెళ్లి శుభలేఖలు, ఆలయ సంఘం చందా పుస్తకాలు. వాటిని మించినది పెద్దవారి మాట. మౌఖిక చరిత్ర ఇప్పుడు గుర్తింపు పొందిన పద్ధతి. దానికీ క్రమశిక్షణ ఉంది. చెప్పేవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. చెప్పిన సంవత్సరాన్ని కాగితంతో సరిచూడాలి. ‘వరద వచ్చిన ఏడు’, ‘సమ్మె ఏడు’ అన్న గుర్తులను క్యాలెండరుకు తేవాలి. అమ్మమ్మలు శ్రీకాకుళం యాసలో చెప్పిన సంగతిని హిందీలోనో, ఇంగ్లీషులోనో ప్రశ్నపత్రం రాసే మనవరాలు అర్థం చెడకుండా అనువదించగలగాలి. ఈ ఒక్క పనికి తెలుగు తెలిసిన విద్యార్థికి ఉన్న అనుకూలత మరెవరికీ లేదు.

చిక్కు కూడా భాష దగ్గరే. జార్ఖండ్ ప్రభుత్వం గుర్తించిన ద్వితీయ రాజభాషల జాబితాలో సంతాలీ, హో, ముండారీ, బెంగాలీ, ఒడియా వంటివి ఉన్నాయి గాని తెలుగు లేదు. భాషా సామర్థ్యపు ఎనిమిది క్రెడిట్లకు ఏ భాషలు అందుబాటులో ఉన్నాయో ప్రవేశానికి ముందే అడిగి తెలుసుకోవాలి. చాలా తెలుగు ఇళ్లలో పిల్లలు మాట్లాడతారు గాని లిపి రాదు. లిపి రాకపోతే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వంటి పుస్తకం చేతిలో ఉన్నా తాళం వేసిన పెట్టె లాంటిదే. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ గ్రంథానికే దక్కింది. రాజుల కథలు పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆట, పండుగల చరిత్ర రాసిన పుస్తకమది. వలస కుటుంబాల జీవితం రాయబోయే విద్యార్థికి మంచి నమూనా. వేసవి సెలవుల్లో రెండు నెలలు అక్షరాలు నేర్చుకోవడానికి కేటాయిస్తే క్రెడిట్లు రాకపోవచ్చు, పరిశోధనకు మాత్రం అది పెట్టుబడి.

మైనర్ ఎందుకు కీలకం?

పాత డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానంగా నడిచేవి. తెలుగు రాష్ట్రాల్లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన బి.ఏ. బృందం తరతరాలుగా సుపరిచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరం నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. జార్ఖండ్‌లోనూ చట్రం ఒక మేజర్, దానికి తోడు మైనరే. మూడు కాళ్ల పీట స్థానంలో ఒక పెద్ద కాలు, ఒక చిన్న కాలు వచ్చినట్లయింది.

చరిత్ర చదివేవారిలో అధికులు కోరుకునే ఉద్యోగం బడిపంతులుది. ఆరు నుంచి పదో తరగతి వరకు చరిత్రను విడిగా బోధించరు. అది సాంఘిక శాస్త్రంలో భాగం. అందుకే నియామక సంస్థలు ఒకే సబ్జెక్టుతో సరిపెట్టుకోవు. కేంద్రీయ విద్యాలయాల గత నియామక ప్రకటనలు దీనికి ఉదాహరణ. సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయ పదవికి చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలలో ఏవైనా రెండింటిని డిగ్రీలో చదివి ఉండాలని, ఆ రెండింటిలో ఒకటి చరిత్ర గాని భూగోళం గాని అయి ఉండాలని, వాటిని డిగ్రీ కాలమంతా చదివి ఉండాలని అవి కోరాయి. దానిపై బి.ఎడ్., అర్హత పరీక్ష.

ఇప్పుడు చరిత్ర మేజర్‌తో పాటు సంగీతమో, గృహవిజ్ఞానమో, మనస్తత్వశాస్త్రమో మైనర్‌గా తీసుకున్న విద్యార్థిని సంగతి ఆలోచించాలి. ఆమె చదువు ఏ మాత్రం తక్కువది కాదు. మనస్తత్వశాస్త్రం తెలిసిన చరిత్రకారిణి మంచి పరిశోధన చేయవచ్చు కూడా. కాని ఆ నిబంధన ముందు ఆమె దరఖాస్తు నిలవదు. అప్పుడు నాలుగేళ్లు వెనక్కి తిప్పలేరు. మైనర్ క్రెడిట్లను రెండు వేర్వేరు సబ్జెక్టుల మధ్య పంచే ఏర్పాటు ఉన్న చోట చిక్కు మరింత ఎక్కువ. ‘డిగ్రీ కాలమంతా చదివారా’ అన్న ప్రశ్నకు మార్కుల పత్రం స్పష్టంగా అవునని చెప్పకపోవచ్చు. ఉపాధ్యాయ వృత్తి వైపు చూపున్నవారు భూగోళం, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రాలలో ఒకదాన్ని మైనర్‌గా ఎంచుకుని, వీలైనన్ని సెమిస్టర్లలో దానినే కొనసాగించడం క్షేమం. రాష్ట్రాల నియామక నిబంధనలు ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి. తెలుగు రాష్ట్రాలకు తిరిగి వెళ్లి డీఎస్సీ రాయాలనుకునేవారు అక్కడి తాజా ప్రకటనను కూడా చూసుకోవాలి.

పన్నెండో తరగతికి చరిత్ర బోధించే పదవికి దారి వేరు. దానికి చరిత్రలో స్నాతకోత్తర పట్టా, బి.ఎడ్. కావాలి. బి.ఎడ్. ప్రవేశానికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్దేశించిన కనీస మార్కులు డిగ్రీలో 50 శాతం. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. కనుక ‘పాస్ అయితే చాలు’ అన్న ధోరణి ఇక్కడ పనికిరాదు. సివిల్ సర్వీసుల వైపు వెళ్లేవారికి మైనర్ నిబంధన ఏదీ లేదు. ప్రధాన పరీక్షలో చరిత్ర ఐచ్ఛికాంశంగా రెండు పేపర్లు, మొత్తం 500 మార్కులకు ఉంటుంది.

మధ్యలో ఆగవలసి వస్తే

పెళ్లి, అనారోగ్యం, ఇంట్లో సంపాదన ఆగిపోవడం: ఆడపిల్లల చదువు మధ్యలో ఆగడానికి కారణాలు కొత్తవి కావు. పాత విధానంలో రెండేళ్లు చదివి ఆగినవారి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు మొదటి ఏడు 40 క్రెడిట్లు, వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తి చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. రెండేళ్లకు 80 క్రెడిట్లు, అదే విధంగా మరో నాలుగు ఉంటే డిప్లొమా. బయటికి వెళ్లినవారు మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు. మొత్తం చదువును ఏడేళ్లలోపు పూర్తి చేయాలి.

చరిత్రలో ఏడాది సర్టిఫికెట్‌తో బజారులో ఉద్యోగం దొరుకుతుందని ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. దాని విలువ తిరిగి వచ్చే హక్కులోనే ఉంది. ఆ హక్కును కాపాడేది 2021లో ప్రారంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. సంపాదించిన క్రెడిట్లు విద్యార్థి పేరిట అందులో జమ అవుతాయి. డిజిలాకర్ ద్వారా ఖాతా తెరవవచ్చు. దీనికి పన్నెండు అంకెల అపార్ సంఖ్య అవసరం. పదో తరగతి ధ్రువపత్రంలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా లేకపోతే ఖాతా తెరవడంలో ఇబ్బంది వస్తుంది. తెలుగు కుటుంబాలలో ఇంటిపేరు ముందు రాయడం, హిందీ ప్రాంతపు పాఠశాలల్లో దాన్ని చివరికి మార్చడం, కొన్ని చోట్ల రావు, కుమారి వంటివి ఇంటిపేరుగా నమోదు కావడం మామూలే. ప్రవేశానికి ముందే సరిచేయించుకుంటే తరువాతి తిరుగుళ్లు తప్పుతాయి. స్వయం వేదికపై చదివిన ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లు కూడా ఇందులోనే చేరతాయి. ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం వరకు ఆ విధంగా చదవడానికి యూజీసీ అనుమతి ఉంది. అయితే ఏయే కోర్సులను అంగీకరిస్తారో ముందుగా సంస్థ చెప్పాలి.

నాలుగో ఏడు ఎవరికి?

మూడేళ్లతో ఆగి రెండేళ్ల ఎం.ఏ. చేయడమా, నాలుగేళ్లు చదివి ఏడాది ఎం.ఏ. చేయడమా అన్నది ఇప్పుడు ఇళ్లలో చర్చకు వస్తున్న ప్రశ్న. కాలం లెక్కన రెండూ అయిదేళ్లే. తేడా మరో చోట ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికే పరిశోధనతో కూడిన ఆనర్స్ అవకాశం. నాలుగేళ్ల పట్టాలో 75 శాతం సాధించినవారు, 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం, ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. నెట్ పరీక్షకు హాజరయ్యే వీలు కూడా 2024 నుంచి వారికి కల్పించారు. అయితే కళాశాలలో సహాయ ఆచార్య పదవికి 2018 నాటి నిబంధనలు 55 శాతంతో స్నాతకోత్తర పట్టాను కోరుతున్నాయి. పీహెచ్‌డీ వైపు దగ్గరి దారి దొరికిందని ఎం.ఏ.ను వదిలేసేవారు ఈ నిబంధనను చూసుకోవాలి.

ఏడాది ఎం.ఏ.కు యూజీసీ చట్రం 2024లో వచ్చింది. జార్ఖండ్‌లో నాలుగేళ్ల డిగ్రీలో చేరిన తొలి బృందం 2022-26 వారిది. చేరబోయే సంస్థలో చరిత్ర విభాగానికి నాలుగో ఏడు నడిపే అనుమతి ఉందా, పరిశోధన వ్యాసానికి మార్గదర్శకులుగా ఎందరు అధ్యాపకులు ఉన్నారు, ఒక్కొక్కరి కింద ఎందరు విద్యార్థులు, గ్రంథాలయంలో పాత పత్రికల సంచికలు ఉన్నాయా, మైనర్‌ను ఆరు సెమిస్టర్లూ ఒకే సబ్జెక్టులో కొనసాగించవచ్చా అన్న ప్రశ్నలకు సమాధానాలు ప్రవేశ సమయంలోనే, వీలైతే రాతపూర్వకంగా, తీసుకోవడానికి విద్యార్థికి పూర్తి హక్కు ఉంది. ఫీజు రసీదుతో పాటు ఆ కాగితాన్ని కూడా భద్రపరచుకోవాలి.